చుక్క వెనక ఇల్లుండేది

మా రోజుల్లో మ్యాపు గీయాలంటే ముందు ఊరు తిరగాలి. కాళ్లు అరిగితేగాని చెయ్యి కదిలేది కాదు.

నేను 1978లో విశాఖ ఏజెన్సీలో మలేరియా పనికి చేరాను. 1965 నాటికి దేశం మొత్తంమీద లక్ష కేసులకు దిగివచ్చిన జబ్బు, 1976 వచ్చేసరికి 64 లక్షలకు ఎగబాకింది. మాలాంటి కుర్రాళ్లను కొండలెక్కించింది అందుకే. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా తొక్కాలి. జ్వరం ఎవరికైనా ఉందా అని అడగాలి. ఉంటే వేలు గుచ్చి స్లైడు మీద రక్తపూత తీసి, క్లోరోక్విన్ బిళ్లలు నా ఎదుటే మింగించి, గోడమీద తేదీ వేసి రావాలి.

ఆసుపత్రి గోడకు ఊరూరి మ్యాపు ఉండేది. అడుగులు లెక్కబెట్టుకుంటూ మేమే గీసిన మ్యాపు. గెడ్డ ఎక్కడ, ఊటబావి ఎక్కడ, బడి ఎక్కడ, చింతతోపు ఎక్కడ, అన్నీ అందులో ఉండేవి. ల్యాబు నుంచి మలేరియా అని రిపోర్టు రాగానే ఆ ఇంటిమీద ఎర్ర సిరాతో చుక్క పెట్టేవాళ్లం. ఆ ఇంటి మనిషి వేలు గుచ్చిన చెయ్యే ఆ చుక్కా పెట్టేది.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక చుక్కలన్నీ గెడ్డ వెంబడి బారులు తీరాయి. కొండ ప్రాంతాల్లో మలేరియాని మోసే ఒక జాతి దోమ, మెల్లగా పారే నీటి అంచుల్లోనే గుడ్లు పెడుతుంది. కనక అందులో వింతేమీ లేదు. కానీ ఒక్క చుక్క మాత్రం పైన మెరకమీద, గెడ్డకు దూరంగా పడింది. మా సూపర్‌వైజరు గారు దానిమీద వేలు పెట్టి, "ఈయనకెలా వచ్చిందిరా? రేపు వెళ్లి అడిగిరా" అన్నారు. తెల్లారి కొండెక్కి అడిగాను. ఆయన రాత్రిళ్లు ఇంట్లో పడుకోడు. గెడ్డ పక్క పొలంలో మంచెమీద కాపలా ఉంటాడు. అలాంటప్పుడు ఆ ఇంటి గోడలకు డీడీటీ కొడితే ఎవరికి లాభం? ఆ వారమే ఊళ్లో కాపలా మంచెలన్నీ మ్యాపులోకి ఎక్కించి, వాటిమీద పడుకునే వాళ్లందరి రక్తపూతలూ తీశాం.

నేను కొండ దిగివచ్చిన సాయంత్రం సూపర్‌వైజరు గారు లండన్ కలరా కథ చెప్పారు. 1854లో సోహో పేటలో కలరా వచ్చి ఆరువందల మందికి పైగా పోయారు. చెడుగాలివల్ల వస్తుందని అప్పట్లో పెద్ద పెద్ద వాళ్లే నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం నీళ్లను అనుమానించి, చచ్చిపోయినవాళ్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. సెప్టెంబర్ 8న బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి ఊడదీయించాడు. తరవాత గీసిన మ్యాపులో ఒక్కో చావుకీ ఒక్కో నల్లగీత పెడితే, అవి ఆ పంపు చుట్టూ గుట్టలుగా పడ్డాయి. ఆ పక్కనే ఉన్న బీరు తయారీ కొట్టంలో డెబ్బైమంది పనివాళ్లలో ఒక్కరూ పోలేదు, వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవారు కారు. ఎక్కడో దూరాన హ్యాంప్‌స్టెడ్‌లో ఒక పెద్దావిడ మాత్రం పోయింది. ఆ నీళ్ల రుచి ఇష్టమై ఆవిడ రోజూ బండిమీద తెప్పించుకునేది. గుట్టలో చేరని చోట్లే గుట్టు విప్పాయి.

ఇప్పటి మ్యాపులో ఆ విడి చుక్క ఏది? జిల్లా మొత్తానికి ఒకటే రంగు పులిమేస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జిల్లాలకు జిల్లాలను రెడ్, ఆరెంజ్, గ్రీన్ జోన్లన్నారు. ఓ మూల పట్నంలో జబ్బుంటే, వంద కిలోమీటర్ల అవతల పల్లెకూ అదే ఎరుపు. పైగా రంగు కంటిని మోసం చేస్తుంది. 2011 జనగణనలో అనంతపురం జిల్లా జనం సుమారు 41 లక్షలు, హైదరాబాద్ జిల్లా జనం 39 లక్షలు. దాదాపు సమానం. అప్పటి అనంతపురం విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్ల పైమాట, హైదరాబాద్‌ది 217. రెండుచోట్లా జబ్బు ఒకే లెక్కన ఉన్నా, మ్యాపులో ఒకటి అరచేయంత మంట, ఇంకొకటి ఆవగింజంత మచ్చ. ఈ సంగతి చూసేవాళ్లకు చెప్పేదెవరు?

గ్రాఫులూ అంతే. కోవిడ్ రోజుల్లో టీవీలో పక్కగీత మీద 10, 100, 1000, 10,000 అని సమాన దూరంలో వేసేవారు. జబ్బు ఎంత వేగంగా రెట్టింపవుతోందో పట్టుకోవడానికి అది మంచి పద్ధతే. కానీ ఒక్కో మెట్టూ పదిరెట్లని ఎవరూ విడమరచి చెప్పలేదు. "గీత చదునైంది, ఇక భయం లేదు" అని మా వీధి అరుగుమీద జనం సంబరపడ్డారు.

అన్నింటికంటే నా కడుపు మండేది పిల్లల బరువు కార్డు విషయంలో. ఆ కార్డు తల్లి చేతిలో ఉండేది. నెలనెలా తూచి, చుక్క పెట్టి, పాత చుక్కతో కలిపేవారు. అక్షరం ముక్క రాని తల్లికి కూడా గీత పైకి పోతోందో, పడుకుందో తెలిసిపోయేది. కార్డుమీద బాగున్నట్టు చూపే పచ్చరంగులోనే ఉన్నా గీత రెండు నెలలు పడుకుంటే బిడ్డకేదో అయిందని అర్థం. మొన్న ఓచోట చూశాను. ఒకమ్మాయి బిడ్డను తూచి బరువు ఫోనులోకి ఎక్కించింది. "ఎలా ఉన్నాడమ్మా?" అని తల్లి అడిగితే, "ఎక్కించేశాను" అన్న జవాబొచ్చింది. తూచిన ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆమెకు ఊపిరి సలపనంత పని. కానీ ఆ తల్లికి ఆ రోజు గీత కనపడలేదు.

కంప్యూటర్లు వద్దని నేననను. మా రోజుల్లో స్లైడు రిపోర్టు వచ్చేసరికి వారాలు పట్టేది, ఈలోగా ప్రాణాలు పోయేవి. ఇప్పుడు కిట్టు మీద రక్తపు చుక్క వేస్తే అరగంటలోపే తెలుస్తుంది. జబ్బు సంగతి ఇంత తొందరగా తెలుస్తున్నప్పుడు, దాన్ని ఊరివాళ్లకు చూపించడానికి గోడమీద ఒక కాగితం కరువైందా?

ప్రతి సబ్ సెంటరులోనూ ఆ ఊరి మ్యాపు ఒకటి వేలాడదీయండి. గడపగడపా తిరిగే ఏఎన్‌ఎమ్ చేతో, ఆశా చేతో చుక్క పెట్టించండి. బరువు కార్డు తల్లికి తిరిగి ఇవ్వండి. అందరికీ ఎడంగా ఒక చుక్క పడిన రోజున, దానిమీద వేలు పెట్టి "రేపు వెళ్లి అడిగిరా" అనే మనిషి ఒకరు అక్కడ ఉండాలి.