న్యూసెన్సు: టీకా, తాత్పర్యం

మూలం: పక్కింటి కుక్కతో పెద్ద న్యూసెన్సయిపోయింది.

సందర్భం: తమిళనాట విరుదునగర్ జిల్లా రాజపాళయంలో, పూర్వం ఆంధ్రదేశం నుంచి వలస వచ్చి నేటికీ ఇంట తెలుగే మాట్లాడుకునే రాజు కులస్థుల వీధిలో, రాత్రి రెండు గంటలకు నిద్ర చెడిన గృహస్థు అనదగిన మాట.

సంధి: న్యూసెన్సు + అయిపోయింది, ఉత్వ సంధి. ఇంగ్లీషులో హలంతం. తెలుగు నోట పడగానే ఉకారం తగిలించుకుని సంధికి అర్హత సంపాదించింది.

ప్రతిపదార్థం: పక్కింటి కుక్కతో = గోడ అవతల కాపలా ఉన్న, తెల్లని ఒళ్లు, గులాబిరంగు ముక్కు గల రాజపాళయం జాతి శునకం మూలాన; పెద్ద = ఓర్పు హద్దు దాటిన; న్యూసెన్సు = చికాకు; అయిపోయింది = ముగిసిందని కాదు, స్థిరపడిందని.

తాత్పర్యం: 2005లో తపాలా బిళ్లకెక్కిన జాతి అయినా సరే, దొంగను చూసి మొరిగితే కాపలా, ఊరికే మొరిగితే న్యూసెన్సు.

విశేషాలు: ఈ పదానికి ఇంటి అర్థం వేరు, కోర్టు అర్థం వేరు. ఇంట్లో ఒక్కరికి విసుగు పుడితే చాలు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 268వ సెక్షను ప్రకారమైతే ప్రజలకో, ఇరుగుపొరుగు జనానికో ఉమ్మడిగా బాధ కలగాలి. ఒక్కరి బాధకు సివిల్ దావాయే దారి. న్యూసెన్సు వల్ల కొంత మేలు ఉందన్నా చట్టం ఒప్పుకోదు. కనుక కాపలా వాదం చెల్లదు. 2024 జులై 1 నుంచి ఈ నిర్వచనం భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షనుకు మారింది. జరిమానా హద్దు 200 రూపాయల నుంచి 1,000కి పెరిగింది.

మద్రాసు ప్రెసిడెన్సీ 1889లో చేసిన పట్టణ న్యూసెన్సుల చట్టం ఆంధ్రకూ తమిళనాడుకూ ఉమ్మడి ఆస్తి. ఆ రెండూ విడిపోకముందు, 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం వారే.

ప్రయోగం: న్యూసెన్స్ చేయకు, న్యూసెన్స్ కేసు పెడతారు, వాడో న్యూసెన్స్. మధ్యమ, ప్రథమ పురుషల్లో విరివిగా వినబడుతుంది. ఉత్తమపురుషలో కానరాదు. రాత్రి పది దాటినా ఆగని లౌడ్‌స్పీకర్ గురించి కుక్క యజమాని కూడా ఈ మాటే అంటాడు. తన కుక్క విషయంలో మాత్రం ‘కాపలా’ అంటాడు.