డిచ్‌పల్లి సీటు: టీకా తాత్పర్య సహితం

మూలం:
“బాపూ, డిచ్‌పల్లిల సీటొచ్చింది. సెంట్రల్ల వెయిటింగుంది. ఫీజు గట్టాల్నా, ఆగాల్నా?”

అవతారిక: 2019లో సిరికొండ మండలపు పట్టభద్రుడొకడు పసుపు చేనులో ఉన్న తండ్రికి ఫోన్లో విన్నవించిన వాక్యమిది. ఇంత ఆలస్యంగా టీకా ఏమిటనరాదు. మన పొరుగున మెదక్ వైపు కొలిచాలకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాసింది ఎన్ని వందల ఏళ్లకు? అయితే మూలంలో లేనిది రాయనని ఆయన ప్రతిన పట్టాడు. మేము పట్టలేదు.

ప్రతిపదార్థం: బాపూ = పైసలు కట్టవలసిన ఓ తండ్రీ; డిచ్‌పల్లిల = 2006లో పుట్టిన తెలంగాణ విశ్వవిద్యాలయమందు; సీటు = ఎం.ఏ. తెలుగు; ఒచ్చింది = చేతికందినది; సెంట్రల్ల = గచ్చిబౌలి హైదరాబాద్ విశ్వవిద్యాలయమందు; వెయిటింగు = రాలేదని చెప్పకుండా రాకపోవుట; ఆగాల్నా = ఆగుమని నీవే అనుము.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: సెంట్రల్ మీద మనసు పడడం సహజమే. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో వెలసిన విద్యాలయమది. సూత్రంలోంచి పుట్టినదానికి భాష్యం అవసరపడక తప్పదు.

ఇక వెయిటింగు కదులునా? ఇందూరు (నిజామాబాద్) జిల్లాలో ప్రమాణాలు రెండు వైపులా దొరుకుతాయి. మూలం పుట్టిన ఏడే పసుపు బోర్డు కోసం రైతులు నామినేషన్లు వేయగా లోక్‌సభ పోరులో 185 మంది నిలిచారు. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. కనుక కదులును. ఎటొచ్చీ ఎం.ఏ. రెండేళ్లే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో తాళం పడ్డది. తెరుస్తరన్న మాట మాత్రం ఆగలేదు. చెరుకు నరికి పెట్టుకొని ఆ మాట మీద కూర్చున్న రైతు లేడని గమనించాలి.

ఫీజు విషయమై మూలం పుట్టిననాటికి యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషనే శాస్త్రం. ప్రవేశాల తుది గడువుకు 15 రోజులు ముందుగా మానుకుంటే నూటికి నూరు వాపసు. ఆ నూరులోంచి ఐదు శాతం దాకా, ఐదు వేలు మించకుండా, ఖర్చుల కింద కోసుకోవచ్చట. ఇది విరోధాభాసాలంకారం. గడువు దాటి 30 రోజులైతే శూన్యం. ఇందులో అలంకారమేమీ లేదు.

పాఠాంతరం: తల్లి పక్కనుండి విన్న పాఠం “ఫీజు గట్టి ఆగాల్నా?” అని. ‘గట్టాల్నా’ను ‘గట్టి’గా మార్చేసరికి సందేహం ఎగిరిపోయింది. ఆమె చెవి మంచిదో, బుద్ధి మంచిదో గాని, ఈ పాఠమే గ్రాహ్యం: డిచ్‌పల్లిలో చేరాలి, తరగతులకు పోవాలి, వెయిటింగు నంబరు చూసుకుంటుండాలి.

తండ్రి మాత్రం రెండు పాఠాలనూ పక్కన పెట్టి, “ఎన్ని పైసలు, ఎప్పటిలోపల?” అని అడిగినాడు.