బూజుకు పాలీహౌస్ రాజమర్యాదలు

పాలీహౌస్‌లో పెంచిన ఆకుకూరకు తెగులు రాదన్నది ఆ వ్యాపారంలో మొదటి సూత్రం. వారం వారం తప్పకుండా తెగుళ్ల మందు కొట్టాలన్నది రెండో సూత్రం. రానిదానికి మందెందుకని అడిగినవారు లేరు.

మొదటి సూత్రానికి ఆధారం పక్కలకు కట్టే వల. 40 మెష్ వల కన్ను దాదాపు 0.4 మిల్లీమీటర్లు. బూడిదరంగు బూజు తెచ్చే బోట్రైటిస్ సిద్ధబీజం మిల్లీమీటరులో సుమారు వందో వంతు. అంటే ఒక్క కన్నులోంచి నలభై బీజాలు భుజం భుజం కలిపి ఊరేగింపుగా రావచ్చు. ఆ వల ఆపేది పురుగునీ, గాలినీ. గాలి ఆగితే తేమ పెరుగుతుంది, తేమ పెరిగితే బూజుకు పండగ.

లోపలి మర్యాదలకూ లోటుండదు. సాయంత్రం స్ప్రింక్లర్‌తో మడి తడుపుతారు, చలి అని పక్క తెరలు దించేస్తారు. రాత్రంతా లేచిన ఆవిరి పైకప్పు పాలిథిన్‌కు తగిలి చల్లబడి, చుక్కలై తెల్లవారుజామున ఆకుల మీదే రాలుతుంది. లెట్యూస్‌కు బూజు తెగులు తెచ్చే బ్రెమియాకు కావలసింది కొన్ని గంటల తడి, కాస్త చల్లదనం. హైదరాబాద్ చుట్టుపక్కల డిసెంబరు రాత్రులు దానికి సరిగ్గా సరిపోతాయి. ఆకు పైన ఈనెల మధ్య పసుపు మచ్చ, తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు.

మచ్చ కనబడగానే అలవాటుగా చేతికొచ్చే డబ్బా కార్బెండజిమ్. అసలు వినోదం ఇక్కడే. బ్రెమియా గానీ, నారు కుళ్లు తెచ్చే పిథియం గానీ నిజమైన శిలీంద్రాలే కావు. గోధుమరంగు నాచుకు బంధువులైన ఊమైసీట్లు. కార్బెండజిమ్ వాటిని ఏమీ చేయదు. పనిచేయలేదు గనుక మోతాదు పెంచమన్నది తర్వాతి సలహా. పనిచేసే మెటలాక్సిల్‌కైనా బ్రెమియా 1980లలోనే బ్రిటన్‌లో లొంగడం మానేసింది. ఆ అనుభవం దిగుమతికి ఇంకా అనుమతి దొరకలేదు కాబోలు.

ఈలోగా పాలకూర నాలుగు వారాల్లో కోతకొస్తుంది. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద రాసే ఉంటుంది, చదివే తీరికే ఉండదు. వాన కడగని ఆకు మీద మందు ఆరుబయటి కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆ ఆకే "సురక్షితం" అన్న కవర్లో ఎక్కువ ధరకు అమ్ముడవుతుంది.

నివారణలో రహస్యమేమీ లేదు. నీళ్లు పొద్దున్నే, డ్రిప్‌తో, వేరు దగ్గరే ఇవ్వాలి. చీకటి పడేలోపు తెరలు తెరిచి తడిగాలిని బయటికి పంపాలి. మొక్కల మధ్య ఎడం, తట్టుకునే రకం, నారుమడిలో ట్రైకోడెర్మా ఉండాలి. రోగం పట్టిన ఆకుల్ని బాటలో వదలకుండా సంచిలో కట్టి బయటికి చేర్చాలి. వీటిలో దేనికీ కమిషన్ లేదు గనుక ఎవరూ చెప్పరు. ఇవన్నీ అయ్యాక, తెగులేదో తేల్చుకున్నాక, ఆ పంటకు అనుమతి ఉన్న మందు వాడొచ్చు. లేబుల్ మీద ఆకుకూరల పేరున్న శిలీంద్ర నాశినులు మన దేశంలో బహు తక్కువ.