గడువు దాటిన లాయరు

నా విజిటింగ్ కార్డు మీద నా హోదా ఒకవైపు ఇంగ్లీషులోనూ, రెండోవైపు ఫ్రెంచిలోనూ ఉంటుంది. తెలుగులో లేదు. ఉంటే మా అమ్మ చదివేది. చదివితే, “ఇంత పొడుగు ఉద్యోగంలో నువ్వు చేసే పనేమిట్రా?” అని అడిగేది. ఆ ప్రశ్న ఇరవై ఏళ్ల ముందే ఎవరైనా అడిగుంటే, ఇప్పుడు చెప్పబోయే తెలివితక్కువ పని చేసేవాణ్ణి కాదేమో.

జెనీవాలో ఒక అంతర్జాతీయ సంస్థలో సీనియర్ లీగల్ ఆఫీసర్ని. సంస్థ పేరు వద్దు, పోవాల్సిన పరువు నాది. ఉద్యోగులు సంస్థ మీద కేసు వేస్తే సంస్థ తరఫున జవాబు రాయడం నా పని. చిక్కడపల్లిలో మా వీధికి మాత్రం నేను ‘ఐక్యరాజ్యసమితి వకీలు’ని. ఆ బిరుదు ఇచ్చింది మా అమ్మ, కాదనకుండా మోసింది నేను. సెలవుకి వచ్చానని తెలిస్తే చాలు, వీసా కావాలని ఒకరు, గోడ తగాదా తీర్చమని ఒకరు వచ్చేవారు. త్యాగరాయ గానసభలో కచేరీ మధ్యలో ఒక పెద్దాయన నా చెవిలో, “ఇంతకీ కాశ్మీరు ఎప్పటికి తేలుస్తారు నాయనా?” అన్నారు. చూస్తున్నామండీ, అన్నాను. అలాంటివాణ్ణి నేను.

నా వృత్తి గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నా బుద్ధి ఎలా పెడదారి పట్టిందో అర్థం కాదు. అంతర్జాతీయ సంస్థలకు దేశాల కోర్టుల నుంచి చట్టపరమైన రక్షణ ఉంటుంది. వాటిలో పనిచేసేవాడి ఉద్యోగం ఊడితే తానున్న ఊరి కోర్టు మెట్లెక్కడం కుదరదు. ఉదాహరణకి జెనీవా దాకా పోనక్కర్లేదు, పటాన్‌చెరు చాలు. అక్కడి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక హక్కులు, రక్షణల కోసం మనం 1947లో చేసుకున్న చట్టం కిందే దానికీ రక్షణ ఇచ్చారు. ఉద్యోగం పోయినవారు వేసిన రిట్ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2003లో కోర్టు ఒకటే మాట చెప్పింది: ఆ సంస్థ మన రాజ్యాంగం చెప్పే ‘రాజ్యం’ కిందికి రాదు, దాని మీద రిట్ నడవదు.

మరి ఇలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లు ఎక్కడికెళ్లాలి? చాలా సంస్థలకు దిక్కు జెనీవాలోని పరిపాలనా ట్రిబ్యునల్. నానాజాతి సమితి రోజుల్లో 1927లో పుట్టి, 1946లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేతికొచ్చింది. ఇవాళ యాభైకి పైగా సంస్థల ఉద్యోగుల గోడు వినేది అదే. అయితే దాని వాకిట్లో రెండు గడపలున్నాయి. ముందు సంస్థ లోపలి అప్పీళ్లన్నీ పూర్తి చేసుకుని రావాలి. ఆఖరి నిర్ణయం చేతికందాక 90 రోజుల్లోపు రావాలి. తొంభై ఒకటో రోజున వచ్చినవాడి కష్టం ఎంత నిజమైనా, దాదాపు ఎప్పుడూ, తలుపు తెరుచుకోదు.

ఆ రెండో గడప దగ్గర కాపలా కాసి పైకొచ్చినవాణ్ణి నేను. ఫైలు వస్తే మొదట చూసేది తేదీలే. వేళ్ల మీద లెక్కపెట్టి, తొంభై దాటితే చాలు, మొదటి పేరాలోనే పని తేలిపోయేది. లోపలి కథ కిందివాళ్లు చదువుకునేవారు. ఆఫీసులో నా ముద్దుపేరు ‘క్యాలెండరు’. అది పొగడ్త అనుకునేవాణ్ణి.

రెండేళ్లకోసారి సొంతూరి సెలవు ఇస్తారు మాకు. 2017 మేలో అలా వచ్చినప్పుడు మా బైండింగన్న ఇంటికొచ్చాడు. చిక్కడపల్లిలో పన్నెండు మంది పనిచేసే ఒక ప్రెస్సులో బైండరు. ఉస్మానియా లా కాలేజీలో నేను చదివిన పుస్తకాలన్నిటికీ అట్టలు కట్టింది ఆయనే. ఒక్క పుస్తకానికీ డబ్బు తీసుకోలేదు. చంకలో ఒక లావుపాటి ఫైలుంది. వీపుకి ఎర్ర క్యాలికో, దారంతో కుట్టిన కుట్లు. దాన్ని నా ముందు పెట్టి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“పోయిన సెప్టెంబర్ల, రేపట్నుంచి రాకు అన్నడు సేటు. కాయితం గీయితం ఏమియ్యలే. ఇరవై ఆరేండ్లు చేసిన చిన్నా.”

నేను ఫైలు తెరిచాను. మొదటి పేజీలో ఆయనే రాసుకున్న తేదీ ఉంది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు... మే. ఎనిమిది నెలలు. మూసేశాను.

“అన్నా, చాలా ఆలస్యం చేశావు. ఇలాంటివాటికి గడువుంటుంది. గడువు దాటిందంటే ఎంత న్యాయమున్నా లాభం లేదు.”

“గంతేనా?”

“అంతే.”

ఇది ఏ దేశపు చట్టమో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. అసలు నన్ను నేనే అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఒకే తాళంచెవి వాడేవాడికి ప్రపంచంలో తలుపులన్నీ ఒకటే అనిపిస్తాయి. వెళ్తూంటే స్విస్ చాక్లెట్ పొట్లం చేతిలో పెట్టాను. ఆ రాత్రి అమ్మతో, “లేనిపోని ఆశ పెట్టకూడదమ్మా, ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు” అన్నాను. చెప్పి, హాయిగా నిద్రపోయాను. ఈ మొత్తం వ్యవహారంలో ఇప్పటికీ నాకు మింగుడుపడనిది ఆ నిద్రే.

మళ్లీ 2019 మే. అమ్మ ఆధార్ జిరాక్సు తీయించడానికి అశోక్‌నగర్ వెళ్లాను. ఆ పేట సంగతి తెలిసిందేగా. అడుగుకో కోచింగ్ సెంటరు, మెట్టుకో హాస్టలు, నోట్సు కట్టల మధ్య తల మాత్రమే కనిపించే జిరాక్సు దుకాణాలు. నా ముందు ఇద్దరమ్మాయిలు నిలబడి ఒకరినొకరు పరీక్షించుకుంటున్నారు. ఎల్‌ఎల్‌బీ అయిపోయి జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదువుతున్నట్టున్నారు.

“ఐడీ యాక్టు, టూ-ఏ. డిస్మిస్ అయినవాడు లేబర్ కోర్టుకెళ్లడానికి గడువు?”

“మూడేళ్లు.”

నాలోని క్యాలెండరు ఊరుకోలేదు. గొంతు సవరించుకుని, “తొంభై రోజులమ్మా” అన్నాను.

ఆ అమ్మాయి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నెరిసిన జుట్టు దగ్గర ఆగింది. ఎంతో జాలిగా, “సార్, మీకు ఏజ్ రిలాక్సేషన్ ఏ కోటాలో వచ్చింది?” అంది.

రెండోది నవ్వాపుకుంటూ బేర్ యాక్టు తిప్పి చూపించింది. పారిశ్రామిక వివాదాల చట్టం 1947, సెక్షన్ 2-ఏ. తొలగించిన తేదీ నుంచి మూడేళ్లు. “కార్మికుడు ప్రభుత్వం రిఫర్ చేసేదాకా ఆగకుండా తనే కోర్టుకెళ్లొచ్చు సార్. దేశమంతటికీ 2010 సవరణతో వచ్చింది కానీ, మనకు ఆంధ్రప్రదేశ్ సవరణతో 1987లోనే ఉంది. బిట్టుగా అడుగుతారు, రాసుకోండి.”

రాసుకున్నాను. అమ్మ ఆధార్ జిరాక్సు వెనకే రాసుకున్నాను. 1987 అంటే నేను లా కాలేజీలో చేరకముందే. ఊరు విడిచి వెళ్లేటప్పుడు మూసిన పుస్తకాన్ని మళ్లీ తెరవలేదు. ఆ మతిమరుపుకి ‘అంతర్జాతీయ అనుభవం’ అని పేరు పెట్టుకుని జీతం తీసుకుంటున్నాను. అక్కడే నిలబడి వేళ్లు మడిచాను. 2016 సెప్టెంబరు నుంచి మూడేళ్లు. ఇంకా నాలుగు నెలలుంది. నా జీవితంలో ఒక గడువు ఇంకా మిగిలుందని సంతోషించడం అదే మొదటిసారి.

బైండింగన్న అశోక్‌నగర్‌లోనే ఒక బాయ్స్ హాస్టల్లో రాత్రి కాపలా కాస్తున్నాడు. పగలు నిద్రపోయే మనిషిని లేపి విషయం చెప్పాను. కోపగించుకుంటాడనుకున్నాను, అదైనా కొంత తేలికగా ఉండేది. ఆయన చెప్పింది వేరు. నా దగ్గరికి వచ్చేముందే ఒక యూనియనాయన, ‘కార్మిక భవన్‌కి పో, కేసు ఉంటది’ అన్నాడట. “నువ్వు లేదన్నంక ఇంకెవర్నడుగుత చిన్నా? నీకన్న పెద్ద వకీలు ఎవరున్నరు మాకు?”

నేను ఆయనకు సాయం చేయకపోవడం ఒక తప్పు. సరైన మాట చెప్పినవాణ్ణి కూడా నా కార్డుతో నోరు మూయించడం అంతకన్నా పెద్దది.

నా సన్నదు ఎప్పుడో అటకెక్కింది కాబట్టి, నారాయణగూడలో ఉండే నా పాత క్లాస్‌మేటు కేసు చేపట్టాడు. వైఎంసీఏ చౌరస్తాలో నిలబడి కథంతా విని, నన్ను తిట్టలేదు. “గ్రాట్యుటీ సంగతి కూడా అడగలేదా?” అన్నాడంతే. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది. అప్పుడు అమల్లో ఉన్న 1972నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట అయిదేళ్లు నిండితే చాలు, ఏడాదికి పదిహేను రోజుల జీతం ఇవ్వాల్సి ఉండేది. నెలను 26 రోజులుగా లెక్కగట్టేవారు. దరఖాస్తు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో హక్కు పోయేది కాదు. బైండింగన్న ఆఖరి జీతం 18,200. దాన్ని 26తో భాగించి, 15తో గుణిస్తే 10,500. ఇరవై ఆరేళ్లకి 2,73,000. ఈ లెక్కకి జెనీవా అక్కర్లేదు, అయిదో తరగతి చాలు.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి.అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ మా ఇంటి నుంచి నడిచేంత దూరం. సంధ్యకీ సుదర్శన్‌కీ ఆ దారినే ఎన్ని సినిమాలకి పరిగెత్తానో లెక్కలేదు, లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. అల్విన్ కార్ఖానాలో కార్మికుడిగా మొదలై 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి పేరది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టిందని విదేశాల్లో ఉపన్యాసాలిచ్చాను. అంజయ్య కూడా ఆ ఏడే పుట్టారని మా క్లాస్‌మేటు చెబితే తెలిసింది.

దరఖాస్తు పట్టుకుని లోపలికి వెళ్లాం. అధికారి మా వంక చూసి, “మీరెవరు?” అన్నారు నన్ను. నా చెయ్యి అలవాటుగా జేబులోని కార్డు మీదికి పోయింది. ఈలోగా బైండింగన్న అందుకున్నాడు: “మా గల్లీ పిలగాడు సార్. తోడొచ్చిండు.” చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అధికారి ఫైలు తెరిచి మొదటి పేజీ దగ్గర ఆగలేదు. ఒక్కొక్కటీ తిప్పారు. ఏడాది వారీగా జీతం చీటీలు. హాజరు కార్డులు. కూతురి పెళ్లికి తీసుకున్న అడ్వాన్సు రసీదు. బాగా పనిచేశావని సేటు ఇచ్చిన దసరా బోనసు కాగితం. ఒక్క కాగితం కూడా వరస తప్పలేదు, ఒక్క అంచు కూడా నలగలేదు. వందలకొద్దీ కేసులకు జతపరిచిన పత్రాలు నా చేతుల మీదుగా వెళ్లాయి కానీ, ఇంత శుభ్రంగా కూర్చిన సాక్ష్యం చూసిన గుర్తు లేదు. 2017లో ఇది నా ఒళ్లోనే ఉంది.

చివర్లో నాలుగు తెల్ల కాగితాలొచ్చాయి. “ఇవేమిటి?” అన్నారు అధికారి.

బైండింగన్న నా వైపు చూడకుండానే చెప్పాడు. “ఏమన్న రాస్తడేమోనని అప్పట్ల కుట్టిన సార్.”

కోర్టు కేసు తీర్పు దాకా పోలేదు. సేటు కొడుకు రాజీకొచ్చాడు. గ్రాట్యుటీ వడ్డీతో, వాయిదాల మీద అందింది. ఉద్యోగం రాలేదు. అప్పటికి ప్రెస్సే మూతపడింది. కాపలా గేటు దగ్గర గడిచిన ఆ రెండేళ్లకు ఎవరి దగ్గరా లెక్క లేదు.

జెనీవాలో నా పని మారలేదు. తొంభై ఒకటో రోజు ఇప్పటికీ తొంభై ఒకటో రోజే, సంస్థ తరఫున ఆ మాట రాసేది ఇప్పటికీ నేనే. కాకపోతే తేదీలు లెక్కపెట్టే ముందు ఫైలు ఆఖరి కాగితం దాకా చదువుతున్నాను. చాలాసార్లు చివరికి అదే జవాబు రాస్తాను. పని మాత్రం ఆలస్యమవుతోంది. క్యాలెండరు ఈమధ్య వెనకబడిందని ఆఫీసులో అనుకుంటున్నారట.