నలభై బై అరవై

నిజామాబాద్ జిల్లా వేల్పూర్ చుట్టుపక్కల ఎవరైనా "షెడ్డు వేస్తున్న" అని నోరు జారితే చాలు, ఎదుటివాడు వెంటనే అడిగేది "ఎంత పెడుతున్నవ్?" అని. జవాబు కూడా ముందే తయారుగా ఉంటుంది: 40 బై 60. అంతే ఎందుకని ఆరా తీస్తే పక్కూరి పటేలు అంతే వేశాడంటారు. పక్కూరి పటేలును అడిగితే ఆర్మూర్ దారిలో ఎవరిదో చూసొచ్చానంటాడు. ఆ మొదటివాడు ఎవరో, ఏ పని కోసం వేశాడో ఎవరికీ అక్కర్లేదు. గుంటకు 121 గజాలు, అంటే 1,089 చదరపు అడుగులు. 40 బై 60 అంటే 2,400. రెండు గుంటలు పోను కాస్త మిగులుతుంది. ఆ రెండు గుంటల్లో పసుపు పెడితే విత్తనం ఎంత, కూలి ఎంత, చేతికి మిగిలేది ఎంత అని నిద్రలో లేపి అడిగినా చెప్పే రైతు, అదే రెండు గుంటల మీద రేకులు కప్పి లోపల ఏం పెడతావంటే మాత్రం "ఏదో ఒకటి పెట్టుకుంటం తియ్" అంటాడు. నా పేచీ అంతా ఆ 'ఏదో ఒకటి'తోనే. షెడ్డు కొలత పొలాన్ని బట్టి గానీ పక్కూరిని బట్టి గానీ రాకూడదు, లోపల జరిగే పనిని బట్టి రావాలి. అలా లెక్కేస్తే వేల్పూర్‌లో పెద్ద షెడ్డుకు కావాల్సింది పెద్ద కప్పు, చిన్న గది. మనవాళ్లు కట్టేదేమో నాలుగు వైపులా గోడలున్న పెద్ద గది.

ముందు పని సంగతి చూద్దాం. పసుపు తవ్వకాలు జనవరి నుంచి మార్చి దాకా. తవ్విన పసుపును బాయిలరు ఆవిరితో ఉడికించి, కల్లంలో పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి పాలిషు పడతారు. కాడి, గోళ వేరు చేసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పంపిస్తారు. ఉడికించడానికి, ఎండబెట్టడానికి షెడ్డుతో పనిలేదు. ఎండకు రేకు అడ్డం పెట్టేవాడిని ఊళ్లో పిచ్చివాడంటారు. ఇక బాయిలరు, డ్రమ్ము, తవ్వే మిషను, మక్కలు పట్టే మిషను, రోటావేటరు, వీటిలో ఏది చూసినా ఏడాదిలో రెండు మూడు నెలలు పని చేసి మిగతా కాలమంతా నిద్రపోయే బాపతే. అంటే 'వర్క్‌షాపు' అని బోర్డు పెట్టి మనం కట్టేది చాలా వరకు యంత్రాల పడకగది. నిజంగా పని జరిగేది వెల్డింగ్ మిషను, డ్రిల్లు, గ్రైండరు, వైసు బిగించిన బల్ల, ఈ నాలుగింటి చుట్టూనే. యంత్రాలకు చోటు సర్దడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు కట్టకట్టుకుని నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది మిగిలారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చింది. ఆ ఎన్నికల అధికారులు కనీసం లోపల ఏం పెట్టాలో తెలుసుకున్నాకే బల్లలు తెప్పించారు.

మనవాళ్లు చర్చించరని కాదు, తెగ చర్చిస్తారు. దేని గురించి అన్నదే చిక్కు. రేకు నీలమా, ఎరుపా? ముందు కమాను మీద పేరు తెలుగులోనా, ఇంగ్లీషులోనా? షట్టరు మీద ఎద్దు బొమ్మా, ట్రాక్టరు బొమ్మా? ఇందులో మన తప్పేమీ లేదు, మనిషి పుట్టుకే అంత. నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే ఆంగ్లేయుడు 1950ల చివర్లో వచ్చిన తన పుస్తకంలో ఒక కమిటీ మీటింగును వర్ణించాడు. కోటి పౌండ్ల అణు రియాక్టరుకు ఆ పెద్దలు రెండున్నర నిమిషాల్లో తలూపి, 350 పౌండ్ల సైకిల్ షెడ్డు దగ్గర మాత్రం ముప్పావుగంట పట్టుకుంటారు. రియాక్టరు ఎవరికీ అర్థం కాదు, షెడ్డు అందరికీ అర్థమవుతుంది. అక్కడ కూడా తగువు పైకప్పు అల్యూమినియందా, ఆస్బెస్టాస్‌దా అన్న దగ్గరే. వేల్పూర్ రచ్చబండ మీద కూర్చోబెట్టినా ఆయన కొత్తగా రాయాల్సింది ఏమీ ఉండేది కాదు. రంగు మాట అసలు లెక్కలోకే రాదనను. తెల్ల రేకు ఎండను తిప్పికొడుతుంది, మే నెలలో కింద నిలబడి పనిచేసేవాడికి ఆ తేడా తెలుస్తుంది. కానీ తెల్ల రేకు కావాలని పట్టుబట్టేవాడు ఒక్కడూ కనిపించడు, మాసిపోతుందట!

చర్చ జరగాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది నీళ్లు. 2,400 చదరపు అడుగుల రేకుల మీద ఒక్క అంగుళం వాన కురిస్తే దాదాపు 5,600 లీటర్లు చూరు నుంచి దిగుతాయి. అవి ఎటు పోతాయో ముందే ఆలోచించకపోతే పక్క పొలం పసుపు మడిలోకి పోతాయి, ఆ తర్వాత పంచాయితీలోకి వస్తాయి. రెండోది గాలి. అర మిల్లీమీటరు రేకులతో 40 బై 60 కప్పు మొత్తం తూచినా ఒక టన్నుకు అటూఇటూ. వేసవి గాలిదుమారానికి అదొక లెక్క కాదు. పైగా మూడు వైపులా గోడలు కట్టి, నాలుగో వైపు షట్టరు బార్లా తెరిచి పెట్టిన షెడ్డుకే ముప్పు ఎక్కువ. లోపలికి దూరిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. అది లోపలి నుంచి రేకును పైకి తోస్తుంది, కప్పు మీదుగా పోయే గాలి పైనుంచి లాగుతుంది, ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు. అటూ ఇటూ తెరిచి ఉన్న కప్పు కిందైతే గాలి ఇటు నుంచి అటు తన దోవన తాను పోతుంది. అప్పుడు కూడా రేకును పట్టుకుని ఉండేది స్క్రూ, దాని కింది రబ్బరు వాషరు. రేకు మడతలో మెరక మీద బిగించిన స్క్రూ దగ్గర నీళ్లు నిలవవు. పల్లంలో బిగిస్తే వాననీళ్లన్నీ దాని మీదుగానే పారతాయి, ఎండకు వాషరు పగిలిన ఏడాది నుంచి సరిగ్గా వెల్డింగ్ బల్ల మీదే కారతాయి. మెరక మీద బిగించాలంటే స్క్రూ పొడుగ్గా ఉండాలి, చెయ్యి నిదానంగా ఉండాలి. కూలి గంపగుత్తకు మాట్లాడుకున్న మేస్త్రీ పల్లంలోనే కొట్టేసి సాయంత్రానికి దిగిపోతాడు. కాబట్టి నిచ్చెనెక్కి చూడాల్సింది రంగును కాదు, స్క్రూలను.

ఇప్పుడు నా లెక్క చెబుతాను. 40 బై 60లో ఒక కొసన 20 బై 40 మేరకు గోడలు కట్టండి, మిగిలిన 40 బై 40 స్తంభాల మీద కప్పుగా వదలండి. చుట్టూ 200 అడుగుల గోడ కట్టాల్సింది 120తో సరిపోతుంది. 14 అడుగుల ఎత్తుకు చూసుకుంటే 1,120 చదరపు అడుగుల గోడ, దాని ఇటుక, దాని ప్లాస్టరింగు మిగిలినట్టే. గది నైరుతి వైపు ఉంటే జూన్‌లో అటునుంచి కొట్టే జల్లు గోడకు తగిలి ఆగుతుంది. నైరుతి మూల బరువుగా, మూసి ఉండాలని వాస్తు సిద్ధాంతి కూడా చెబుతాడు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆయనతో, వాతావరణ శాఖతో ఒకేసారి రాజీపడవచ్చు. ట్రాక్టరు కప్పు కిందికి వస్తుంది, ఊడదీసిన సామాను మాత్రమే గదిలోకి పోతుంది. గదికి ఎనిమిది అడుగుల తలుపు చాలు. పసుపు బస్తాలు మాత్రం ఆ గదిలో వేయకండి. వెల్డింగ్ రవ్వకు గోనెసంచి అంటే ఎంత ప్రేమో అగ్నిమాపకం వాళ్లను అడిగితే చెబుతారు.

దీనికి మొదటి అభ్యంతరం దొంగలు. న్యాయమైనదే. అయితే దొంగ ఏం ఎత్తుకుపోతాడో చూడండి: మోటరు, రాగి తీగ, స్టార్టరు, బ్యాటరీ, పానాల పెట్టె. ఇవన్నీ ఆ 800 అడుగుల గదిలో పట్టగా ఇంకా దొంగ కూర్చోవడానికి కూడా చోటుంటుంది. రోటావేటరును చంకలో పెట్టుకుని గెట్టు దాటే దొంగ ఇంకా పుట్టలేదు. కోతులంటారా, వాటికి గోడ ఒక మెట్టు. రెండో అభ్యంతరం పైకి అనరు గానీ అసలైనది అదే: గోడల్లేకుంటే పశువుల కొట్టంలా ఉంటుంది, ఇజ్జత్ పోతుంది. ఈ ఇజ్జత్ చాలా వరకు విమానంలో వచ్చింది. దుబాయ్, మస్కట్ కంపెనీల్లో ఏళ్ల తరబడి వెల్డింగ్ చేసినవాళ్ల పనితనం గొప్పది, అందులో అనుమానం లేదు. కానీ అక్కడి షెడ్డుకు నాలుగు గోడలు కట్టింది ఇసుక తుపాను ఆపడానికి, ఏసీ చల్లదనం బయటికి పోకుండా ఉండటానికి. మన దగ్గర ఇసుక తుపాను లేదు, ఏసీ బిల్లు కట్టే షేకూ లేడు. కొట్టం కట్టిన తాతలు పేదరికం వల్ల గోడలు మానుకున్నారనుకుంటే పొరపాటు. వాళ్ల ఎడ్లకు గాలి ఆడాలన్నది వాళ్లకు తెలుసు. వెల్డింగ్ పొగలో నిలబడేవాడికి ఆ మాత్రం మర్యాద దక్కాలి.

మూడో అభ్యంతరానికి బలముంది: "చిన్నది కట్టి ఏడ్చేకంటే పెద్దది కట్టి మురిసేది నయం కదా అన్నా, రేపు ధరలు పెరగవా?" పెరుగుతాయి. క్వింటాలు పచ్చి పసుపు ఎండాక 20 కిలోల దరిదాపుల్లో తేలుతుంది. షెడ్డు ఎస్టిమేటు మాత్రం కాలం గడిచేకొద్దీ ఊరుతుందే తప్ప ఎండదు. అందుకే నేను తగ్గించమంటున్నది గోడలను, కప్పును కాదు. ఇంకా పెంచే ఆశ ఉంటే ఒక కొసన గోడ లేకుండా, కడపటి ట్రస్సుకు రేపటి పర్లిన్లు బిగించే వీలు వదిలితే సరిపోతుంది. పొడవు పెంచడం తేలిక, వెడల్పుతోనే తంటా. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం రెట్టింపు చేస్తే పై దూలాన్ని వంచే బలం నాలుగింతలవుతుంది, ఇనుము బిల్లు దాని వెంటే నడుస్తుంది. ఖర్చుకు జడిసి మధ్యలో స్తంభం వేశారా, వెనక్కి తోలే ప్రతి ట్రాలీ దాన్ని పలకరించి పోతుంది.

ఇక కాగితాలు. ఊళ్లోవాళ్లు మరమ్మతుకు వచ్చే వర్క్‌షాపు అయితే ఆ మేరకు భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకోవాలి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో పాస్‌బుక్కు లెక్క సరిచూసుకుని, మార్చిన గుంటలకు రైతు భరోసా రాదని ముందే గుండె దిటవు చేసుకోవాలి. పొలం మోటరు ఉచిత కరెంటుతో వెల్డింగ్ చేయడం కుదరదు, వేరే మీటరు పెట్టించుకోవాల్సిందే. పాలిషు పట్టడం, నిల్వ చేయడం లాంటి కోత తర్వాతి పనులకైతే 2020లో పెట్టిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రూ.2 కోట్ల దాకా అప్పు మీద ఏడేళ్ల వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఆ దరఖాస్తులో షెడ్డు దేనికని ఒక గడి ఉంటుంది. అందులో 'ఏదో ఒకటి' అని రాస్తే బ్యాంకు మేనేజరు టీ తాగించి పంపిస్తాడు. 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలయ్యాక షెడ్డు ఆశలు ఇంకా ఊపందుకున్నాయి, అందువల్ల ఆ గడి ఇప్పటి నుంచే నింపి పెట్టుకోవడం మంచిది.

ముగ్గు పోయబోయేవాళ్లకు ఒక్క విన్నపం. దావత్‌కు అంకాపూర్ నాటుకోడి ఎన్ని కిలోలో తేల్చే ముందు, మీ ఊరికొచ్చే హార్వెస్టరు ఎత్తు టేపు పట్టి కొలవండి. చాలావాటికి 12 అడుగులు దాటుతుంది. చూరు 14 అడుగులకు తగ్గనివ్వకండి.