సంగటి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "దొరగారై ఉండి కూడా మన సంగటి చేత్తో తిన్నారు. పిల్లలూ, చూసి నేర్చుకోండి!"

అవతారిక: మూడు వైపులా ఆంధ్ర ఉన్న కర్ణాటక పావగడ తాలూకాలో, ఇంగ్లీషు చెప్పడానికి తెల్ల అతిథి వచ్చిన బడిలో, శాలువా కప్పిన వెంటనే మైకులోంచి వెలువడే మహావాక్యమిది. కర్త అజ్ఞాతుడు. మైకు చేతులు మారినా పాఠం మారదు.

ప్రతిపదార్థం: సుగమం.

తాత్పర్యం: రోజూ రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిని బడికొచ్చే పిల్లలు, సంగటి తినే విద్యను, ముద్ద నమలాలో మింగాలో తెలియక కళ్లనీళ్లు పెట్టుకుంటున్న పెద్దమనిషి దగ్గర అభ్యసించవలెనని భావం.

విశేషం: తెల్లవాడికి ఇంగ్లీషు పుట్టుకతో వస్తుందనీ, మనశ్శాంతి కోసమే ఇటు వస్తాడనీ రెండు సిద్ధాంతాలు. పుట్టపర్తి దగ్గరే కాబట్టి రెండోదానికి బలమెక్కువ. అనంతపురం విన్సెంట్ ఫెర్రర్ రెండింటికీ లొంగడు. పుట్టింది బార్సిలోనాలో. మన్మాడ్ రైతులతో పనిచేస్తుంటే 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. మరుసటి ఏడాది అనంతపురం చేరి, 2009లో పోయేదాకా అక్కడి పల్లెల్నే పట్టుకున్నాడు. మనశ్శాంతికి ఇంతకంటే సులువైన దారులున్నాయి.

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఈ టీకాకారుడికి అంత నిష్ఠ లేదు గనుక కడప దాకా వెళ్లివస్తాడు. పావగడ పిల్లవాడికి నిఘంటువు దొరలు ఇద్దరు. బడి కన్నడానికి కిట్టెల్ (1894), ఇంటి తెలుగుకు బ్రౌన్ (1852). మొదటివాడు జర్మన్. రెండోవాడు కలకత్తాలోనే పుట్టాడు. బ్రౌన్ 1820లో కడప చేరాడు. బంగళా కొని పండితుల్ని కూర్చోబెట్టాడు, జీతాలు సొంత డబ్బుతో ఇచ్చి అప్పులపాలయ్యాడు. వేమన అచ్చయింది 1829లో. ఇక్కడిదాకా సభల్లో అందరూ చెబుతారు. ఆ బంగళాలో తాటాకు ప్రతులు ముందేసుకుని, ఒకదానితో ఒకటి పోల్చి, లేఖకుల తప్పులు ఏరి, కంటిచూపు అరగదీసుకున్నదెవరు? జూలూరి అప్పయ్య వంటి పండితులు. అప్పయ్య మనుచరిత్రకు వ్యాఖ్య రాసినవాడు, ఈ వృత్తికి పెద్దదిక్కు. ఆయనను కొలువులో పెట్టుకున్న బ్రౌన్‌కు ఆయన విలువ తెలుసు. బ్రౌన్ జయంతికి దండలు మోసేవారిలో ఎందరికి తెలుసు? దొర తెలుగును బతికించాడంటారు. అప్పటిదాకా తెలుగు ఎవరి ఇంట్లోనూ లేనట్టు!

సంగటి చల్లారుతోంది, మూలంలోకి వద్దాం.

మైకాయన పొగడ్త అతిథికీ మేలు చేయదు. ఆయన పాఠం ఎలా చెప్పాడో ఎవరూ అడగరు. మిరపకాయ కొరికాడా, "నమస్కారం" అన్నాడా, అంతే పరీక్ష.

ఇక "పిల్లలూ" అనే సంబోధన. ఏడాదంతా వాళ్లకు ఇంగ్లీషు చెప్పే ఊరి ఉపాధ్యాయుణ్ణి కూడా ఇందులోనే కలిపేశారని కొందరి మతం. సర్కారు బడి కాగితాల్లో ఆయనా అతిథి ఉపాధ్యాయుడే. విద్యాసంవత్సరానికి తీసుకుంటారు, గౌరవవేతనం ఇస్తారు, వేసవికి ఇంటికి పంపేస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు మధ్య పిల్లవాడి నాలుక ఎక్కడ మడతపడుతుందో తెలిసినవాడు ఆయనే. సంగటి ఆయనా చేత్తోనే తింటాడు. సభరోజు శాలువా ఉన్న పళ్లెం పట్టుకుని నిలబడతాడు. ఆయనకే కప్పినట్టు పాఠాంతరం ఏ ప్రతిలోనూ కనబడదు.