తోక చివరి నలుపు

మా చిన్నోడి తొమ్మిదో పుట్టినరోజు కేకు మీద పికాచు తోక చివర నల్లగా ఉండటానికి కారణం నేనే. బేకరీ కుర్రాడు కాదు. ఈ ముక్క రాసిమ్మని మా ఆవిడ అడగలేదు. రాసేదాకా నా కంచంలో గడ్డపెరుగు పడదని మాత్రం అర్థమైంది.

మావాడు బొమ్మ ప్రింటు తీసి బేకరీలో ఇచ్చాడు. ఆ కుర్రాడు దాన్ని చూసి ముచ్చటగా గీసి, ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. అప్పుడు ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోటో చూడగానే నాలోని పండితుడు లేచి కూర్చున్నాడు. పోకేమాన్ కార్టూన్లో, ఆటల్లో కనిపించే ఈ పసుపు పికాచు నాకు నిన్నా మొన్నా తెలిసిన మనిషి కాదు. గుంటూరులో బడి నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా టీవీ ముందు కూలబడినవాణ్ణి. చిప్స్ ప్యాకెట్లో వచ్చే గుండ్రటి బిళ్ళ కోసం చిప్స్ మొత్తం తమ్ముడికి ధారపోసినవాణ్ణి. పోకేమాన్ ఆట ఆడే గేమ్ బాయ్ కొనే స్తోమత లేక, నెట్ సెంటర్లో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వివరాలు చూస్తానని ఇంట్లో చెప్పి అదే ఆట కంప్యూటర్లో ఆడినవాణ్ణి. నా ర్యాంకు అలా ఎందుకొచ్చిందో మా నాన్నకి ఇప్పటికీ తెలియదు. అంతటి నాకు, తోక చివర నలుపు లేకపోతే కనబడదా?

మంచినీళ్ళ వంకతో బయటికొచ్చి వాయిస్ మెసేజ్ పెట్టాను. ‘బాబూ, తోక చివర బ్లాక్ మర్చిపోయావ్. చెవులకి వేశావుగా, అలాగే తోకక్కూడా వెయ్యి.’ ‘బొమ్మలో లేదు సార్’ అని టైపు చేశాడు. ‘బొమ్మ సంగతి నాకు చెప్తావా’ అన్నాను, అదీ వాయిస్‌లోనే.

సాయంత్రం పన్నెండు మంది పిల్లల మధ్య డబ్బా మూత తీశాం. ‘హ్యాపీ బర్త్‌డే’ పాట మొదటి లైనులోనే ఆగిపోయింది. కింది ఫ్లాట్ వాళ్ళ బుడ్డోడు, వాడికి ఆరేళ్ళు కూడా ఉండవు, వేలు పెట్టి చూపించి ‘ఇది డూప్లికేట్ పికాచు’ అన్నాడు. మావాడు నావైపు చూశాడు. వాళ్ళమ్మ కూడా చూసింది.

‘బేకరీవాడు చెడగొట్టాడు’ అన్నాను. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత నున్నగా జారిందంటే, అంత నున్నటి యానిమేషన్ నేను ఏ ఆటలోనూ చూడలేదు.

అక్కడితో అయిపోయేది. కానీ మా ఆవిడ డబ్బులిచ్చిన చోట మాట పడనిచ్చే మనిషి కాదు. మర్నాడు సగం డబ్బు వెనక్కి అడుగుదామని బేకరీకి వెళ్ళింది. ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదట. ఫోన్ తీసి స్పీకర్లో నా గొంతు వినిపించాడట. కర్రీ పఫ్ కోసం నిలబడ్డ నలుగురూ విన్నారట. మా ఆవిడ నమ్మలేక రెండోసారి పెట్టించుకుని విందట.

తప్పయిందని ఒప్పుకుంటే పోయేది. నేను అటు పోలేదు. ‘తోక చివర నలుపు ఉండేది. తర్వాత తీసేసి ఉంటారు. వాళ్ళు ప్రతి ఆటకీ బొమ్మ మారుస్తారు. నిరూపిస్తాను చూడు’ అన్నాను. వారం రోజులు రాత్రి పన్నెండు దాకా ఫోన్‌లో పికాచు కుటుంబ చరిత్రంతా తవ్వాను. సొంత పూర్వీకుల్లో ముత్తాత పేరు దాటి నాకు తెలియదు.

మొదటి సాక్ష్యం కోసం 1996 ఫిబ్రవరికి వెళ్ళాను. జపాన్‌లో పోకేమాన్ తొలి ఆటలు రెడ్, గ్రీన్ వచ్చిన నెల. గేమ్ బాయ్ తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144. రంగుల్లేవు, నాలుగంటే నాలుగు ఛాయలు. యుద్ధంలో ఎదురుగా నిలబడ్డ జీవి ఎంత పెద్దదైనా 56 చుక్కల చదరంలో ఒదగాల్సిందే. కదలిక అడక్కండి, గోడకి తగిలించిన క్యాలెండరులో దేవుడి బొమ్మలా నిలబడి ఉంటుంది. అలాంటివి 151. ఆ నూటయాభై ఒకటోది, మ్యూ, చివరి నిమిషంలో దూరిందట. ఆటలో తప్పులు వెతికే సరంజామా తీసేశాక కార్ట్రిడ్జిలో 300 బైట్ల చోటు మిగిలితే, షిగెకి మోరిమోతో అనే ప్రోగ్రామరు దాన్ని అందులో కూర్చోబెట్టాడు. పల్లెవెలుగు బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోవాడిలా.

నాలుగు ఛాయల్లో ఏది నలుపో ఏది గోధుమరంగో తేల్చేదెవరు? ఇక్కడ నా కేసుకి బలముందనుకున్నాను. బొమ్మని పెద్దది చేసి చూశాను. తోక చివర ఏమీ లేదు. కానీ పొట్ట కనిపించింది. మెడ జాడ లేదు, బుగ్గల కిందే పొట్ట. మొదటి పికాచు అంత బొద్దు. గీసినావిడ అత్సుకో నిషిదా. దైఫుకు అనే జపాను మిఠాయిని నిలువుగా సాగదీసి చెవులు పెట్టినట్టు ఊహించుకున్నానని ఆవిడే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. దైఫుకు అంటే బియ్యప్పిండి ముద్దలో తియ్యటి పూర్ణం. మన భాషలో కుడుము. బుగ్గల్లో తిండి దాచుకునే ఉడతని చూసి ఆ బుగ్గలు పెట్టిందట.

ఇది చదివాక నా తల తిరిగింది. ఎందుకంటే పుట్టినరోజు నాడు మా అత్తగారు ‘ఉడత బొమ్మ బాగుంది అల్లుడుగారూ’ అంటే, నేను పన్నెండు మంది పిల్లల ముందు ‘ఉడత కాదండీ, అది ఎలుక జాతి. ఆటలోనే రాసి ఉంటుంది’ అని సరిదిద్దాను. పోకేమాన్ అనే మాట పలకలేని ఆవిడ ఒక్క చూపుతో మూలం పట్టేసింది. ఇరవయ్యేళ్ళ పండితుణ్ణి, నాకు తోక కూడా సరిగ్గా దొరకలేదు. ఈ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.

మరో దెబ్బ బరువు దగ్గర తగిలింది. ఏళ్ళు గడిచేకొద్దీ పికాచుకి నడుము వచ్చింది, మెడ వచ్చింది, కాళ్ళూ చేతులూ సాగాయి. టీవీ కార్టూన్‌లో పరిగెత్తాలి, దూకాలి కదా మరి. ఆటల్లోనూ అదే సన్నటి రూపం స్థిరపడింది. కానీ ప్రతి ఆటలోనూ దాని ఎత్తు 0.4 మీటర్లు, బరువు 6 కిలోలు. బొద్దుగా ఉన్నప్పుడూ ఆరే, చిక్కాకా ఆరే. మా బాత్రూమ్ తలుపు పక్కనున్న మిషను నాకు ఏనాడూ ఆ మర్యాద చేయలేదు. నేను పికాచుకి ఎదురు దిశలో ప్రయాణించాను. పెళ్ళి ఫోటోలో నడుము ఉంది, ఇప్పుడు కుడుము దశకి చేరుకున్నాను. మా ఆవిడ ఆ ఫోటోని హాల్లోంచి తీసి అల్మరాలో పెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరని అడుగుతున్నారట.

1998 నాటి ఎల్లో అనే ఆటలో పికాచు, జీవుల్ని దాచే బంతిలోకి వెళ్ళనని మొరాయించి మన వెనకే నడుస్తుంది. వెనక్కి తిరిగి పలకరిస్తే మొహం పెద్దగా కనిపిస్తుంది, అలిగిందో మురిసిందో తెలుస్తుంది. ఇకూయె ఓతని అనే నటి గొంతు కూడా పెట్టారు. తోక పసుపే.

1999లో గోల్డ్, సిల్వర్ వచ్చాయి. ఇక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. పికాచుకి పిచు అనే పసికూన పుట్టింది, దాని తోక మొత్తం నలుపు! చూశావా అని ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. మా ఆవిడ చింతపండు పిసుకుతూ ‘అది పిల్లది కదండీ. పెద్దదాని మీద దాని తోక పెడతారా’ అంది. వెనక్కి వచ్చేశాను.

కదలిక మొదలైంది 2000లో, క్రిస్టల్‌తో. జీవి యుద్ధంలోకి రాగానే ఒక్కసారి చెవులో రెక్కలో ఆడించి, మళ్ళీ బొమ్మలా నిలబడిపోతుంది. 2002లో రూబీ, సఫైర్ వచ్చాయి. బొమ్మలు ఇంకా అందంగా, 64 చుక్కల చదరంలో తీర్చినట్టు ఉన్నాయి గానీ ఆ ఒక్క కదలికా పోయింది. 2004లో ఎమరాల్డ్ దాన్ని వెనక్కి తెచ్చింది. ఇదంతా ఉత్సాహంగా వివరిస్తుంటే మా ఆవిడ అడ్డు తగిలింది. ‘మీరు ఆ క్రిస్టల్ రకమే. మా నాన్న గుమ్మంలోకి రాగానే సోఫాలోంచి ఒక్కసారి లేస్తారు, రండి రండి అంటారు, మళ్ళీ ఆయన వెళ్ళేదాకా కదలరు.’ ఇంత కచ్చితమైన సాంకేతిక విశ్లేషణ నేను ఎక్కడా చదవలేదు.

నన్నడిగితే ఈ వరుస మొత్తానికీ మకుటం 2010 నాటి బ్లాక్, వైట్. చుక్కల బొమ్మలే, కానీ యుద్ధం సాగినంతసేపూ ముందూ వెనకా ఊపిరి తీస్తూ, తోక ఊపుతూ ఉంటాయి. దగ్గరికొస్తే చుక్కలు పగిలి కనిపిస్తాయి, నిజమే. అయినా అందులో ఒక బతుకు ఉంది. 2013లో ఎక్స్, వై నుంచి అంతా త్రీడీ అయింది. జీవిని ఎటు తిప్పినా చూడొచ్చు, పికాచు కీచుమనడం మానేసి మళ్ళీ ఓతని గొంతుతో పలికింది. కానీ చాలా జీవులు నిద్ర చాలనివాళ్ళలా నెమ్మదిగా ఊగుతూ నిలబడ్డాయనిపించింది నాకు. నున్నదనం పెరిగి చిలిపితనం తగ్గింది. మావాడు దీనికి ఒప్పుకోడు. ‘నీకు పాతవన్నీ బాగుంటాయి నాన్నా. అందుకే తోకా పాతదే కావాలన్నావు’ అంటాడు. పాతదీ కాదన్నదే నా ఏడుపు.

2019లో స్వోర్డ్, షీల్డ్ వచ్చినప్పుడు అభిమానులు పెద్ద గొడవ చేశారు. అప్పటికి ఎనిమిది వందలు దాటిన జీవుల్లో చాలావాటికి అందులో చోటివ్వలేదు. అన్నిటికీ ఆ స్థాయిలో రూపం, కదలిక కల్పిస్తూ బలాబలాలు సరిచూడటం కుదరదని నిర్మాత జునిచి మసుదా చెప్పాడు. అప్పుడు నేనూ తిట్టుకున్నాను. మొన్న పన్నెండు మంది పిల్లల్నే పిలిచినందుకు అపార్టుమెంటులో మిగతా ఇళ్ళవాళ్ళు లిఫ్టులో మొహం తిప్పుకుంటుంటే, మసుదా మీద జాలేసింది. అదే ఆటలో పికాచు ఒక అవతారంలో 21 మీటర్లకి పైగా పెరిగి, పాత బొద్దు రూపాన్ని గుర్తుచేస్తుంది. కుడుముకి మళ్ళీ కాలం వచ్చిందని సంబరపడ్డాను. మా ఆవిడ ‘మెట్లెక్కడం మొదలుపెట్టండి’ అంది.

2022 నాటి స్కార్లెట్, వయొలెట్ మావాడి కోసం కొన్నాను. ‘మావాడి కోసం’ అన్నచోట మా ఆవిడ దగ్గింది, గమనించగలరు. అందులో దగ్గరికెళ్ళి చూస్తే జీవుల చర్మం నునుపో గరుకో తెలుస్తుంది. దూరంగా ఉన్నవి మాత్రం ఆగి ఆగి కదులుతాయి, గాలిమర అయితే గోడగడియారం ముల్లులా టక్కుటక్కుమంటూ తిరుగుతుంది. చూసేవాడు దగ్గరికొస్తే అందరూ చక్కగా కదులుతారు, దూరమైతే ఎవరి ఓపిక వారిది. మా ఆఫీసులో మేనేజరు సీటు మార్చినప్పుడు ఇదే చూశాను.

ఇంత తిరిగినా నలుపు దొరకలేదు. తోక మొదట్లో గోధుమరంగు, మిగతాదంతా పసుపు, చెవి కొసలు నలుపు. ఇరవై ఆరేళ్ళలో పొట్ట మారింది, గొంతు మారింది, ఊపిరి వచ్చింది. మారనిదల్లా నేను పందెం కాసిన ఆ ఒక్క అంగుళమే. ప్రపంచంలో చాలామందికి నాలాగే తోక నల్లగా గుర్తుందని, దీన్ని మండేలా ఎఫెక్ట్ అంటారని తెలిసి కొంత ఊరట కలిగింది. నెల్సన్ మండేలా 1980ల్లో జైల్లోనే పోయాడని ఎంతోమంది పొరపాటుగా గుర్తుపెట్టుకున్నారట, ఆ పేరు అలా వచ్చింది. ‘అంత పెద్దాయన పేరు తెచ్చి మీ తోకకి కట్టకండి’ అంది మా ఆవిడ.

ఆరో రాత్రి దొరికింది! 2014లో ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్. అందులో వేషాలు మార్చే పికాచు ఒకటుంది, దాని తోక చివర నల్లటి మచ్చ. అర్ధరాత్రి అని చూడకుండా మావాణ్ణి లేపాను. వాడు కళ్ళు నులుముకుని చూసి, ‘అది ఆడ పికాచు నాన్నా. 2006 నుంచి ఆడవాటికి తోక కొస హృదయం ఆకారంలో చీలి ఉంటుంది. మచ్చ కూడా హృదయం ఆకారమే. నువ్వు వేయించింది బూట్‌పాలిష్ పూసినట్టుంది’ అని అటు తిరిగి పడుకున్నాడు. వాడు పుట్టకముందటి ఆట అది.

ఆదివారం బేకరీకి వెళ్ళి ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పుకున్నాను. నవ్వి, ‘వచ్చే ఏడాది ఏం బొమ్మ సార్’ అన్నాడు. ‘మెసేజ్ నేను పెడతా అన్నా’ అన్నాడు మావాడు.

చదివేవాళ్ళకి ఒక మనవి. చిప్స్ ప్యాకెట్లలో వచ్చిన ఆనాటి బిళ్ళలు మీ అటకల మీద ఏ డబ్బాలోనైనా ఉంటే ఒకసారి దించి చూడండి. తోక చివర నల్లగా ఉన్న పికాచు ఒక్కటి దొరికినా నాకు పంపండి. పోస్టు ఖర్చులు నేనే పెట్టుకుంటాను. ఫోటో మాత్రం వద్దు, మా ఆవిడ నమ్మదు.